ఆరో భాగంలో సున్నా

ఆగస్టు ఇరవై ఐదు, సోమవారం. బ్యాంకు సెలవు, దేశమంతా సెలవే. అందుకని ఎప్పటిలాగే వాన పడింది.

గ్వెండా లష్ పెల్‌కోమ్ కొండ కింద కారు ఆపుకొని పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా అందులోనే కూర్చుంది. ఉష్ణమాపకం పద్నాలుగు దగ్గర ఆగిపోయింది. ఎండ లేని రోజున పదిహేడు డిగ్రీలన్నా ఉంటేగాని సీతాకోకచిలుకల లెక్కకు నడవకూడదు. ఫ్లాస్కులో టీ అయిపోయాక ఆమె కారు తిప్పుకొని ఇంటికి వెళ్లింది.

గ్వెండాకు అరవై మూడేళ్లు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ లోయలోని ఊళ్లకు ఉత్తరాలు పంచి రిటైరైంది. ఇరవై రెండేళ్లుగా, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా వారానికొకసారి, ఈ సుద్దకొండ మీద సీతాకోకచిలుకలను లెక్కపెడుతోంది. దారి ఒకటే, మైలున్నర. దాన్ని తొమ్మిది భాగాలు చేశారు. ఎడమకు రెండున్నర మీటర్లు, కుడికి రెండున్నర, ముందుకు ఐదు. అందులో కనబడినవే లెక్క. వెనక నుంచి వచ్చినవి లెక్కలోకి రావు.

ఈ కొండ మీద ఒకప్పుడు వెండిచుక్క అనే సీతాకోకచిలుక ఉండేది. బొటనవేలి గోరుకన్నా కొంచెం పెద్దది. పైవైపు ఇటుకరంగు, వెనక రెక్క అడుగున ఆకుపచ్చ మీద వెండి మచ్చలు. దక్షిణం ఎండ తగిలే సుద్దనేల మీద, గడ్డి పొట్టిగా ఉన్నచోట బతుకుతుంది. ఎండ గట్టిగా కాస్తేనే ఎగురుతుంది. నాలుగేళ్ల నుంచి గ్వెండా కాగితంలో దాని గడిలో సున్నా పడుతోంది. ముందటేడు ఒకదాన్ని చూశానని రాసింది. ఫొటో లేదు. జిల్లా లెక్కలు చూసే రోసలిండ్ యేట్‌మన్ దాని పక్కన ‘నిర్ధారణ లేదు’ అని రాసి కొట్టేసింది.

ఐదో ఏడు కూడా సున్నా అయితే కొండను చూసుకునే సంస్థ వెండిచుక్కలున్న కొండల జాబితాలోంచి పెల్‌కోమ్‌ను తీసేస్తుంది. తీసేస్తే ఇక్కడ పశువులను మేపే ఒప్పందం ముగుస్తుంది. పశువులు దిగిపోతే గడ్డి మోకాలెత్తు లేస్తుంది, ఆ వెనక ముళ్లపొదలు వస్తాయి. పక్క కొండకు అదే జరిగింది. గ్వెండా మొదటి ఆరేళ్లు అక్కడా లెక్క నడిచింది. ఇప్పుడు అక్కడ నడవడానికి దారి లేదు.

ఆ సంస్థ కమిటీ సెప్టెంబరు రెండున కూర్చుంటుంది. ఆదివారం రాత్రిలోగా ఫొటో కావాలని రోసలిండ్ రాసింది. రెక్క అడుగుభాగం కనబడాలి, తీసిన చోటు ఈ కొండే కావాలి.

మంగళవారం ఎండ వచ్చింది. డెస్మండ్ పిట్‌మన్ కెమెరా తెచ్చాడు. అతను బస్సు నడిపి రిటైరైన మనిషి. ఊరి హాలు కోసం ఏటా సీతాకోకచిలుకల క్యాలెండరు వేస్తాడు. లెక్క అయ్యేదాకా గ్వెండాకు పది అడుగులు వెనక నడవాలి, ముందుకు రాకూడదు. ఆ షరతు మీదే ఆమె అతన్ని తీసుకెళ్తుంది.

“గ్వెండా, నీ టోపీ మీద ఒకటి వాలింది.”

“ఏది?”

“సుద్దకొండ నీలి. మగది.”

“ముందు నుంచి వచ్చిందా, వెనక నుంచా?”

“వెనక నుంచి.”

“అయితే రాలేదు.”

“వచ్చి నెత్తిన కూర్చుంటే రాలేదంటావేంటి తల్లీ!”

“లెక్కలోకి రాలేదు అంటున్నా. మాట్లాడకు, మూడో భాగం మొదలైంది.”

ఆరో భాగం కొండకు దక్షిణపు ముఖం. వెండిచుక్కలు ఎప్పుడు కనబడినా అక్కడే కనబడేవి. గ్వెండా అక్కడ నీలివి ముప్పై ఒకటి, గోధుమరంగువి పన్నెండు రాసుకుంది. వెండిచుక్క గడిలో సున్నా వేసింది. తొమ్మిది భాగాలూ పూర్తి చేసి ఇద్దరూ మళ్లీ ఆరుకే వచ్చారు. ఫొటోకు ఈ నియమాలు లేవు, కొండ మీద ఎక్కడ తీసినా చెల్లుతుంది. పూలన్నీ ఆ ముఖం మీదే ఉన్నాయి. నేలకు అంటుకుని పూసే ముళ్లపువ్వు మీద తేనె తాగడానికి వెండిచుక్క వాలుతుందని పుస్తకాల్లో ఉంటుంది. మూడు గంటల దాకా వాళ్లు ఒక ముళ్లపువ్వు దగ్గర నుంచి ఇంకో ముళ్లపువ్వు దగ్గరకు తిరిగారు. డెస్మండ్ ఒకదాని మీద కూర్చున్నాడు కూడా.

ఒకసారి అతను కేకేశాడు. “దొరికింది! వెండి గుర్తు కనబడుతోంది!” పద్నాలుగు ఫొటోలు తీశాడు. గ్వెండా వచ్చి కెమెరా తెర మీద చూసింది.

“ఇది దీపపు పురుగు జాతిది. పగలు కూడా తిరుగుతుంది.”

“వెండి గుర్తుందిగా.”

“పోస్టు డబ్బా ఎర్రగా ఉంటుంది, నీ బస్సూ ఎర్రగానే ఉండేది.”

“ఫొటో మాత్రం బాగా వచ్చింది.”

“నీ ఫొటోలన్నీ బాగానే వస్తాయి డెస్మండ్. రెక్కలు విప్పుకొని, కింద పువ్వు పెట్టుకొని. రోసలిండ్‌కి క్యాలెండరు అక్కర్లేదు. అడుగు చూపించమంటోంది.”

మూడున్నరకు మబ్బు కమ్మింది. దిగేటప్పుడు కింది గేటు దగ్గర క్లైవ్ స్టర్జెస్ పశువుల తొట్టికి నీళ్లు పడుతున్నాడు. కొండ మీద మేసే ఎర్రావులు అతనివే. డెబ్బై ఒక్క ఏళ్లవాడు. గ్వెండాను చూసి గొట్టం తొట్టిలో వదిలేసి గేటు మీద మోచేతులు ఆన్చాడు.

“ఏం మేడం గారూ, దొరికాడా మీ దొంగ?”

“ఇంకా లేదు, స్టర్జెస్ గారూ.”

“ఒక ఉత్తరం రాసి పడెయ్యండి. మీ ఉత్తరానికి నా తొట్టే కొండ దిగొచ్చింది, పురుగెంత?”

డెస్మండ్ పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. గ్వెండా నవ్వలేదు.

ఐదేళ్ల కిందట ఆ తొట్టి పైన, ఆరో భాగం మూలలో ఉండేది. పశువులు దాని చుట్టూ మూగి గడ్డిని తొక్కేశాయి. సుద్ద బయటపడింది. గ్వెండా రెండు పేజీల ఉత్తరం, నాలుగు ఫొటోలు సంస్థకు పంపింది, ఒక నకలు స్టర్జెస్‌కు వేసింది. పచ్చిక చెడిపోతోంది, తొట్టి తీయించండి అని. సంస్థ తీయించింది. స్టర్జెస్ పైపు మోసుకుంటూ తొట్టిని ఈ కింది మూలకు దించాడు. ఏడాది పాటు ఆమెతో మాట్లాడలేదు. ఆ నకలు ఇప్పటికీ అతని పశువుల కొట్టంలో, పశువుల డాక్టరు ఇచ్చిన క్యాలెండరు పక్కన, మేకుకు వేలాడుతోంది. కొట్టంలోకి వచ్చిన ప్రతివాడూ చదివి వెళ్తాడు.

“నన్నడిగితే,” అన్నాడు స్టర్జెస్, “మీరు పూలున్నచోటే వెతుకుతారు. నేను మధ్యాహ్నం నీళ్లు పట్టడానికొస్తానా, ఎండుంటే, ఇదిగో ఈ డెక్కల గుంటల్లోంచి ఏవో బుడ్డవి చివ్వున లేస్తాయి. బారెడు దూరం పోయి మళ్లీ కూలబడతాయి. ఈగలేమో అనుకున్నా.”

“ఏ రంగు?”

“నేను పశువులవాణ్ణి. ఎర్రావు రంగు.”

గ్వెండా తొట్టి చుట్టూ చూసింది. పేడ, మూత్రం, దురదగొండి, గుంటలు పడిన సుద్ద. పశువులు అప్పుడే అక్కణ్నుంచి కదిలాయి.

“పేడ ఈగలుంటాయి, పసుప్పచ్చగా. అవే అయ్యుంటాయి.”

“అంతే అయ్యుంటుంది లెండి. చదువుకున్నవాళ్లు,” అన్నాడు స్టర్జెస్. గొట్టం మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

బుధవారం గాలి. గురువారం మబ్బు. గ్వెండా రెండు రోజులూ కొండెక్కింది, రెండు రోజులూ ఆరో భాగంలో నిలబడి దిగింది. గురువారం సాయంత్రం రోసలిండ్ ఫోన్ చేసింది.

“వాతావరణం చూశావా?”

“చూశాను. ఆదివారం దాకా మబ్బే.”

“గ్వెండా, ఆ కొండ ఉండాలని నాకూ ఉంది. కానీ ఐదేళ్ల సున్నాలు పట్టుకెళ్లి వాళ్ల ముందు ఏం చెప్పను?”

“ముందటేడు నేను చూశానని చెప్పు.”

“నువ్వు చూశావనే నా నమ్మకం. నమ్మకానికి ఫారంలో గడి లేదే.”

“నాకు తెలుసు. ఆ ఫారాలు నేనూ నింపుతాను.”

ఫోన్ పెట్టేశాక ఆమె టీ కాచుకుంది. స్టర్జెస్ మాట గుర్తుకొచ్చింది. అతను డెక్కల గుంటల్లోంచి అన్నాడు. పేడ మీద నుంచి అనలేదు. పేడ ఈగ పేడ మీద ఉంటుంది. లేచినా మళ్లీ పేడ మీదికే వస్తుంది. ముప్పై ఒక్క ఏళ్లు ఆమె కవరు మీద రాసిన చిరునామాకే ఉత్తరం వేసింది, పక్కింటికి వేయలేదు. మంగళవారం అతను ఇచ్చిన చిరునామాను చదవకుండానే తిప్పి పంపేసింది.

శుక్రవారం పదహారు డిగ్రీలు. ఎండ లేదు. డెస్మండ్ కారులో కూర్చుని పంది మాంసం రోల్ విప్పాడు.

“ఈ మబ్బులో ఏదీ లేవదు. ఇది తినేసి ఇంటికి పోదాం.”

“నువ్వు తిను. నేను తొట్టి దాకా వెళ్లొస్తా.”

“తొట్టి దగ్గరా? స్టర్జెస్‌తో తిట్లు తినాలనుందా?”

“సీతాకోకచిలుక లేవకపోతే లేవదు. గుడ్డు ఎక్కడికీ పోదుగా.”

ఆమె తోటపని చేసేటప్పుడు మోకాళ్ల కింద వేసుకునే దిండూ భూతద్దమూ తీసుకుని గేటు దాటింది. పశువులు కొండ మీద ఉన్నాయి. తొట్టి పక్కన పేడ లేని చోటు చూసుకుని మోకాళ్ల మీద కూర్చుంది.

మంగళవారం అక్కడ ఆమెకు కనబడింది చెడిపోయిన నేల. ఇప్పుడు అర అడుగు దూరం నుంచి చూస్తే డెక్కల గుంటల అంచుల్లో సన్నగడ్డి కుదుళ్లు ఉన్నాయి, దారప్పోగులంత పోచలతో. ఒక్కో కుదురు పిడికెడు కూడా లేదు. చుట్టూ సుద్ద. ఆమె చెయ్యి సుద్ద మీద పెట్టింది. మబ్బులో కూడా అది పక్కనున్న గడ్డికన్నా వెచ్చగా ఉంది.

ఒక్కో పోచను వేలితో వంచి కింది నుంచి పైకి చూసింది. ఒక కుదురు అయ్యాక ఇంకో కుదురు. నలభై నిమిషాల్లో తొమ్మిది కుదుళ్లు చూసింది. పదో కుదురులో ఒక పోచకు సగ్గుబియ్యం రంగు చుక్క అంటుకుని ఉంది. ఆవగింజంత. భూతద్దం పెట్టింది. బోర్లించిన గిన్నె ఆకారం.

ఆమె భూతద్దం తీసి కళ్లు తుడుచుకుని మళ్లీ పెట్టింది. అలాగే ఉంది.

ఆ మూలలో ఫోన్ అందదు. లేస్తే ఆ కుదురు మళ్లీ దొరకదని ఆమెకు భయం వేసింది. టోపీ తీసి కుదురు పక్కన పెట్టి, రాయి ఒకటి బరువు వేసి, గేటు దాకా వెళ్లి డెస్మండ్‌ను పేరు పెట్టి గట్టిగా పిలిచింది. అతను రోల్ చేత్తో పట్టుకునే వచ్చాడు.

“ఏది?”

“ఆ పోచ మీద.”

“నాకు పోచే కనబడట్లేదు.”

“పడుకో. పైనుంచి తియ్యకు, పక్క నుంచి తియ్యి. పోచా సుద్దా రెండూ రావాలి.”

“ముప్పై ఏళ్లు బస్సు నడిపానమ్మా, ఒక్కనాడు పేడలో పడుకోలేదు.”

“ఇవాళ పడుకో.”

అతను పడుకున్నాడు. కొలత కోసం గ్వెండా పోచ పక్కన పెన్నీ నాణెం పెట్టింది. ఇరవై ఫొటోలు తీశాక అతను తలెత్తాడు.

“వేరేదాని గుడ్డయితే?”

“దీని చుట్టాల్లో చిన్నవన్నీ గడ్డి తొడుగు లోపల దాస్తాయి. పెద్దది వెడల్పాటి ఆకు వెతుక్కుంటుంది. ఇంత సన్నపోచ మీద, బయటికి, ఒక్కటంటే ఒక్కటి పెట్టేది వెండిచుక్కే.”

“అంటే ఈ ఏడు ఇక్కడ ఎగిరింది.”

“ఎగిరింది.”

“క్యాలెండర్లో గుడ్డు వేస్తే ఎవరన్నా కొంటారా?” అని అడిగాడు డెస్మండ్. గ్వెండా అప్పటికే పక్క కుదురు దగ్గరకు జరిగింది.

నాలుగు గంటలకల్లా పదకొండు గుడ్లు దొరికాయి. ఏదీ డెక్క గుంటకు జానెడు దూరం దాటి లేదు. ఆమె ఒక్కొక్కటీ రాసుకుని, లేచి కొండెక్కడం మొదలుపెట్టింది. డెస్మండ్ వెనకాలే వెళ్లాడు.

ఆరో భాగం మూలలో, తొట్టి ఒకప్పుడు ఉన్నచోట, గ్వెండా మళ్లీ మోకాళ్ల మీద కూర్చుంది. గడ్డి చీలమండలు దాటింది. పూలు ఉన్నాయి. నాణెమంత సుద్ద కూడా బయటికి కనబడలేదు. చెయ్యి పెట్టి చూసింది. చల్లగా తడిగా ఉంది. ముప్పావు గంట వెతికింది. గుడ్డు లేదు.

ఐదేళ్ల కిందట, వసంతంలో, ఆమె ఉత్తరం రాసింది. ఆ మరుసటేడు నుంచి సున్నాలు మొదలయ్యాయి. ఈ రెండు తేదీలూ ఆమె కాగితాల్లోనే, ఆమె చేతిరాతలోనే ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూడలేదు, అంతే.

“ఇక్కణ్నుంచి నేనే తోలేశాను,” అంది.

డెస్మండ్ వంగి గడ్డి వైపు చూశాడు. “నువ్వు పచ్చిక బాగుండాలని రాశావు.”

“అవును. పచ్చిక బాగుంది.”

“సరేలే, అదంతా ఇప్పుడెందుకు? గుడ్ల ఫొటో పంపు. కొండ నిలబడుతుంది. ఉత్తరం సంగతి ఎవరికి గుర్తుంది, స్టర్జెస్‌కి తప్ప?”

“చెప్పకపోతే సంస్థవాళ్లు కింది మూలకు ఫొటోలు తీయడానికొస్తారు. ఆ పేడా గుంటలూ చూస్తారు. పాపం వెండిచుక్కలు ఉన్నచోట పశువులు తొక్కుతున్నాయని కంచె వేస్తారు.”

“వేస్తారంటావా?”

“నేనైతే వేయించేదాన్ని.”

ఆ సాయంత్రం ఆమె రోసలిండ్‌కూ సంస్థకూ ఆరు ఫొటోలూ కొండ పటం మీద పదకొండు గుర్తులూ పంపింది. కింద ఇలా రాసింది: ‘గుడ్లన్నీ స్టర్జెస్ గారి పశువులు తొక్కిన నేలలోనే ఉన్నాయి. అక్కడ వెతకమని చెప్పింది ఆయనే. ఆరో భాగంలో తొట్టి తీయించమని ఐదేళ్ల కిందట నేను రాసిన ఉత్తరం నా పొరపాటు. ఆ ఉత్తరం మీ ఫైల్లో ఉంటుంది. దాని మీద ఈ మాట రాసిపెట్టండి. కింది మూలకు కంచె వేయొద్దు.’

శనివారం పొద్దున రోసలిండ్ తనే కారేసుకుని వచ్చింది. తొట్టి పక్కన మోకాళ్ల మీద కూర్చుని మూడు గుడ్లు చూసింది. నాలుగోది తనే వెతికి పట్టుకుంది.

“నిర్ధారణ,” అంది లేస్తూ. ప్యాంటు మోకాళ్లకు పేడ అంటుకుంది. “నీ ముందటేడాది రికార్డు కూడా మళ్లీ తెరుస్తాను. మరి ఆరో భాగం?”

“ఆరో భాగం సున్నా. అది అలాగే ఉండనీ.”

రోసలిండ్ వెళ్లాక గ్వెండా స్టర్జెస్ కొట్టానికి వెళ్లింది. అతను దూడకు మందు పోస్తున్నాడు. ఆమె నిలబడి అతను ముగించేదాకా ఆగింది.

“మీ దగ్గర ఒక పని ఉంది, స్టర్జెస్ గారూ. వచ్చే వసంతంలో పైమూలలో ఇంకో తొట్టి పెట్టాలి. కిందిది కిందే ఉండాలి.”

“ఏమిటీ?”

“పైన కూడా పశువులు తొక్కాలి.”

స్టర్జెస్ మందు సీసాకు మూత బిగించాడు. “చెవి సరిగా వినబడ్డంలేదు మేడం. వయసు. నోటిమాట మీద నేను పైపు మొయ్యను. నన్ను కొండ దించింది ఉత్తరం. ఎక్కించేదీ ఉత్తరమే అవ్వాలి.”

గ్వెండా కోటు జేబులోంచి కవరు తీసి ఇచ్చింది. అతను కళ్లజోడు వెతుక్కుని, వెలుతురులోకి వెళ్లి, పెదవులు కదుపుతూ చదివాడు. ఒక పేజీయే ఉంది. అయినా చాలాసేపు పట్టింది.

“‘నా పొరపాటు’ అని రెండుసార్లు రాశారు.”

“రెండు పొరపాట్లు చేశాను. తొట్టి ఒకటి. పేడ ఈగలు రెండోది.”

“పేడ ఈగలది నేను మర్చిపోయా.”

“మీరు మర్చిపోరు.”

“లేదు, మర్చిపోను,” అని ఒప్పుకున్నాడు. క్యాలెండరు పక్కకు వెళ్లి, మేకుకున్న పాత ఉత్తరం మీద కొత్తదాన్ని గుచ్చాడు.

“పాతది తీసెయ్యరా?”

“ఎందుకు తీస్తాను? అది లేకపోతే ఇది ఎవరికి అర్థమవుతుంది?” కాగితం అంచు చేత్తో సాపు చేశాడు. “టీ తాగుతారా? పాలు మాత్రం కొన్నవే. నావి మాంసం ఆవులు.”

ఆమె తాగింది.

మంగళవారం కమిటీ కూర్చుంది. పెల్‌కోమ్ జాబితాలో ఉండిపోయింది. బుధవారం ఇరవై రెండు డిగ్రీలు, ఎండ. గ్వెండా పదకొండుకు లెక్క మొదలుపెట్టింది. ఆరో భాగంలో నీలివి తొమ్మిది, వెండిచుక్క సున్నా. తొమ్మిదో భాగం కింది గేటుకు ఇవతల ముగుస్తుంది. అక్కడికి వచ్చేసరికి స్టర్జెస్ తొట్టికి నీళ్లు పడుతున్నాడు. అతని కాళ్ల దగ్గర సుద్దలోంచి ఎర్రావు రంగుది ఒకటి లేచి, బారెడు దూరం పోయి వాలింది. ఇంకొకటి లేచింది.

“రాసుకోండి మేడం,” అని అరిచాడు స్టర్జెస్. “రెండు!”

గ్వెండా తన కాళ్ల దగ్గర నుంచి తొట్టి దాకా కంటితో కొలిచింది. పద్నాలుగు మీటర్లు.

“రాయకూడదు,” అని అరిచి చెప్పింది. తొమ్మిదో భాగం గడిలో సున్నా వేసి, టైము రాసి, కలం మూత పెట్టాక గేటు తీసుకుని అటు వెళ్లింది.